జాగ్రత్తగా తీసెయ్యప్పా

పాత సామాన్లు కొనే అతను నెలకోసారి మా షాపు ముందు ఆటో ఆపుతాడు. యెమ్మిగనూరు, నందవరం, పెద్దకడుబూరు దాకా తిరిగి ఇనుమూ, అట్టపెట్టెలూ, పాడైన మిక్సీలూ ఏరుకొస్తాడు. వాటి మధ్య ఎవరో వదిలించుకున్న కంప్యూటర్లుంటే తిన్నగా ఆదోనికి తెచ్చి నా దగ్గర దించుతాడు. లోపలి భాగాల్లో పనికొచ్చేవి నేను తీసుకుని డొక్కు అతనికే తిరిగి ఇచ్చేస్తాను. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేసుకుని బతుకుతున్నవాణ్ని. ఏ డబ్బా ఎవరింటి నుంచి వచ్చిందని అడిగే అలవాటు నాకు లేదు. అడిగితే పని సాగదు.

కిందటి నెల దించిన మూడింట్లో ఒకదానికి ముందువైపంతా పసుపు పట్టి ఉంది. కంప్యూటరుకు పసుపుబొట్లు పెట్టడం మా వైపు వింతేమీ కాదు. ఆయుధ పూజ నాడు నా షాపులో కూడా ప్రింటరు నుంచి స్క్రూడ్రైవరు దాకా అన్నిటికీ బొట్లు పెడతాను. అవి నాలుగు రోజుల్లో తుడుచుకుపోతాయి. దీనికి మాత్రం ఏళ్ల తరబడి ఒకేచోట పెట్టీ పెట్టీ ప్లాస్టిక్ రంగే మారిపోయింది. ఆన్ చేసే బటను ఊడిపోకుండా పక్కన గాలిచీలికల్లోంచి తెల్ల నూలుదారం లాగి కట్టి ఉంది. ఆ ముడి దగ్గర నా చెయ్యి ఆగింది. దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో వేలితో తడిమినా తెలియడం లేదు. అలాంటి ముడి వేసే మనిషి నాకు తెలిసి ఒక్కతే.

"ఇది యాడిదప్పా?" అని అడిగాను.

"యెమ్మిగనూరుదన్నా. నేతగాళ్ల ఇల్లు. ఆయమ్మ పోయి మూడు నెలలాయెనంట. ఆమె మొగుడు ఇచ్చినాడు" అన్నాడు అతను, ఆటోలో ఇనుప రేకులు సర్దుకుంటూ.

ఆమె చనిపోయిన సంగతి నాకు తెలిసిన తీరు ఇది. మూడు నెలలు ఆలస్యంగా, ఇనుప రేకుల చప్పుడులో తెలిసింది.

నేను ఆమెను అక్కా అనేవాణ్ని. ఆమె నన్ను అప్పా అనేది. నా పేరు ఆమెకు తెలుసునని ఇప్పటికీ నమ్మకంగా చెప్పలేను. ఆమె ఫోనులో నా నంబరు దగ్గర పేరుకు బదులు కంప్యూటరు బొమ్మ ఉండేది. వయసెంతో కూడా నాకు అంతు చిక్కలేదు. మొదటిసారి చూసినప్పుడు యాభై ఉంటాయనుకున్నాను. తొమ్మిదేళ్ల తర్వాత చివరిసారి చూసినప్పుడూ యాభై ఉంటాయనే అనుకున్నాను. సన్నటి మనిషి. కళ్లద్దాలకు ఒకవైపు కాడ, రెండోవైపు దారం. మెడలో తాళిబొట్టు తాడుకు అరడజను పిన్నీసులు ఎప్పుడూ వేలాడుతూ ఉండేవి. వీధిలో ఏ ఆడపిల్లకు జాకెట్టు హుక్కు తెగినా ఈమె దగ్గరికే వచ్చేది. అడక్కముందే మెడలోంచి ఒక పిన్నీసు తీసి ఇచ్చేది, తిరిగి ఇమ్మని ఎవరినీ అడిగింది లేదు.

మొదటిసారి ఫోను చేసినప్పుడు ఆమె అన్న మాట ఇది: "అప్పా, నాడె కదల్డం లేదప్పా. పోగులు యాడివి ఆడనే నిలబడిపోయినాయి."

"అమ్మా, నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. మగ్గాలు కాదు" అన్నాను.

"కంప్యూటరే లేప్పా. బిన్నా రా."

బస్సెక్కి యెమ్మిగనూరు పోయి చూస్తే నిజంగా కంప్యూటరే. మౌసును ఆమె నాడె అనేది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె తప్ప చేతిలో పట్టుకుని కదిపే వస్తువుకు ఆమె దగ్గర ఇంకో పేరు లేదు. మిషను బిగుసుకుపోతే పోగు తెగింది అనేది. తెర గుడ్డ. కరెంటు పోయి గీసిన బొమ్మ సగంలో పోతే, నేసింది ఊడిపోయింది అనేది. మా వృత్తి మాటలు నేర్పాలని ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, చివరికి నేనే ఆమె మాటలు నేర్చుకున్నాను.

ఆమె పని ఏమిటో చెప్పాలి. చీర అంచు మీద పువ్వో హంసో పడాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గడి గడీ నింపుతూ గీయాలి. ఒక గడి అంటే ఒక పోగు. ఆ గళ్ల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే, పోగులు లేస్తూ దిగుతూ బొమ్మ పడుతుంది. ఆ గళ్లు నింపే పని ఈమె కంప్యూటరు మీద చేసేది. ఎప్పుడో ఊళ్లో శిక్షణ పెడితే వీధిలో ఆడవాళ్లంతా కలిసి పోయారట. మిగతావాళ్లు నెలలో మానుకున్నారు. ఈమె మాత్రం శిక్షణ అయిపోయాక అది పెట్టినవాళ్లు అమ్మేసిన మిషనే తెచ్చుకుని ఇంట్లో పెట్టుకుంది. ముందుగదిలో మొగుడి మగ్గం, వెనకగదిలో ఈమె మగ్గం.

మిషను ఆన్ చేసే ముందు దాని రెండు పక్కలా అరచేతులు ఆనించి "లెయ్" అనేది. తర్వాతే బటను నొక్కేది. ఆపేటప్పుడు "సాల్లే, పండుకో" అనేది. పని లేనప్పుడు దాని మీద పాత చీర ముక్క కప్పేది.

ఆ మొదటిరోజు నేను చేసిన వైద్యం మా వృత్తిలో అందరూ చేసేదే. లోపలున్న ర్యామ్ ముక్క ఊడదీసి, దాని పళ్లను పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. లేచింది. ఆమె కళ్లద్దాలు సర్దుకుని నన్ను చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే అక్కా."

"దీనికేనా ఆదోని నుంచి బస్సెక్కి వచ్చినావు?"

మళ్లీ ఆరు నెలలకు ఫోను వచ్చింది. "పోగు తెగినాదప్పా. నేనే రబ్బరు పెట్టి రుద్దినా. లేసినాది. ఊరికే సెప్దామని చేసినా" అంది. ఇలా అందరూ నేర్చుకుంటే నా సంసారం ఏం కావాలక్కా అన్నాను. ఆ పొద్దు ఆమె నవ్వు ఫోనులో చాలాసేపు విన్నాను.

రబ్బరుతో తీరని జబ్బులు రాకపోలేదు. పవర్ సప్లయి పోయింది, ఫ్యాను అరిచింది, తెర ఒకసారి మార్చాం. నేను వెళ్లిన ప్రతిసారీ మిషను మూత బిగిస్తుండగా ఆమె ఒకే ప్రశ్న అడిగేది.

"అప్పా, బాగుసేద్దామా, మారుద్దామా?"

ఇంట్లో ముసలివాళ్ల గురించి డాక్టరును గడప దగ్గర ఆపి అడిగే గొంతుతో అడిగేది, మిషనుకు వినపడకూడదన్నట్టు. నేను ఎండాకాలం వెళ్తే మార్చేయమనేవాణ్ని. వానాకాలం వెళ్తే ఇంకో ఏడాది లాగుదామనేవాణ్ని. నిజం చెప్పాలంటే పాత కంప్యూటరు విషయంలో ఎవరికీ ఏమీ తెలియదు. బాగుందనుకున్నది తెల్లారేసరికి పోతుంది, పోతుందనుకున్నది అయిదేళ్లు నడుస్తుంది. కానీ తెలియదు అని చెప్పేవాణ్ని మెకానిక్ అని ఎవరు పిలుస్తారు? అందుకని ఏదో ఒకటి గట్టిగా చెప్పేవాణ్ని. ఆమె దాన్ని వేదం అనుకునేది. ఆ గట్టితనం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మార్చడానికి ఒక చిక్కుంది. ఆమె వాడే డిజైను ప్రోగ్రాము చాలా పాతది. దానికి వేలెడంత నల్లటి తాళంచెవి ఒకటి ఉండేది, మిషను వెనక గుచ్చితేనే బొమ్మలు తెరుచుకునేవి. దాన్ని అమ్మినవాళ్లు ఆ పనే మానేశారు. ఒకసారి నేను పట్టుదలకు పోయి ఆదోని నుంచి కొత్త మిషను ఒకటి ఆటోలో వేసుకెళ్లాను, చూద్దాం, నచ్చితే ఉంచుకో అని. ప్రోగ్రాము ఎక్కించి, తాళంచెవి గుచ్చాం. కొత్త మిషను ఉలకలేదు పలకలేదు. ఆ వస్తువేమిటో నాకు తెలియదు అని తెర మీద రాసి కూర్చుంది. మధ్యాహ్నం దాకా తిప్పలు పడ్డాను.

ఆమె గడపలో కూర్చుని కండెలు చుట్టుకుంటూ చూసి చూసి అంది: "అందంగానే ఉండాదప్పా. కానీ ఇంటిమనిషి ఎదురుగొస్తే పలకరించదే ఇది. ఎత్తుకుపో సామీ."

ఆ రోజే ఆమె నాకు అతకడం చూపించింది. నేను కొత్త మిషను అట్టపెట్టెలో సర్దుకుని కాఫీ తాగుతుంటే, ముందుగదిలో ఆమె మొగుడి మగ్గం ఆగి ఉంది. పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయింది. ఆమె వెళ్లి మగ్గం ముందు కూర్చుని, చిప్పలో బూడిద వేళ్లకు అద్దుకుని, పాత పడుగు చివర ఒక పోగు, కొత్త పడుగు మొదట ఒక పోగు తీసుకుని మెలిపెట్టింది. తర్వాత ఇంకో పోగు. ఆ తర్వాత ఇంకోటి. వేల పోగులు. చూస్తుంటే నాకే నడుము నొప్పి పుట్టింది.

"పాతది కోసేసి, కొత్తది మొదట్నుంచి ఎక్కించుకోవచ్చు కదక్కా?" అన్నాను.

మొగుడు మగ్గం వెనక నుంచి తలెత్తి నన్ను చూశాడు, వీణ్ని ఇంట్లోకి ఎవరు రానిచ్చారన్నట్టు. ఆమె మాత్రం చెయ్యి ఆపకుండా చెప్పింది.

"పాత పోగు దువ్వెన పళ్లలో నుంచి, అల్లు దారాల కళ్లలో నుంచి వచ్చినాది సూడు. దారి దానికే తెలుసు. కొత్తదానికేం తెల్సు? దీనికి అతికితే ఇదే దాన్ని చెయ్యిపట్టుకోని లాక్కపోతాది. ముందు పాతది తెగ్గొడితే ఆ కొత్తది యాడికి పోవాలప్పా? అందుకే కొత్తది అతికినంత దాకా పాతదాన్ని తెంపగూడదు. నీ కంప్యూటరు గూడ అంతే. పాతదాని చివర్లు తెచ్చి కొత్తదానికి అతికిస్తానంటే చెప్పు, ఇప్పుడే మారుద్దాం. అతికేకి రాదంటే బాగుసేస్తా ఉందాం."

నా ఇరవై ఏళ్ల చదువులో ఈ సంగతి ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. తల ఊపాను. తల ఊపి, మూడేళ్ల కిందట సరిగ్గా దానికి తలకిందులుగా చేశాను.

ఎండలు ముదురుతున్న రోజులు. మిషను లోపల హార్డ్ డిస్కు గరగరమంటోందని ఫోను చేసింది. వెళ్లి చూస్తే దాని పని అయిపోవచ్చింది. మారుద్దామా బాగుసేద్దామా అన్న ప్రశ్న ఈసారి ఆమె అడగలేదు. "నువ్వు ఏది సెప్తే అది. నాకింగ ఆలోచన తెగడం లేదు" అంది. ఆమెకు ఆ పొద్దు నందవరంలో చెల్లెలింట్లో గృహప్రవేశం ఉంది. బస్సు టైమవుతోందని, అన్నం తిని పనిచేసుకోమని చెప్పి, ఆ నల్ల తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నేను నడిమి దారి పట్టాను. డబ్బా అదే ఉంచుదాం, కొత్త డిస్కు వేద్దాం, ర్యామ్ పెంచుదాం, పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి దించుదాం. ఆమె మాటల్లో చెప్పాలంటే అతుకుదాం.

దించడం మొదలుపెడితే అన్నీ వస్తున్నాయి, ఒక్క ఫోల్డరు దగ్గర మాత్రం ఆగిపోతోంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అక్కడే ఆగుతోంది. దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె ఒంటివేలితో కొట్టుకున్నది, "పాతవి" అని. పక్కన "కొత్తవి" అని ఇంకోటి ఉంది, అది బుద్ధిగా వచ్చేసింది. నాలుగోసారి ఆగినప్పుడు ఆమెకు ఫోను చేశాను. అవతల బాజాలు, పిల్లల అరుపులు.

"అక్కా, ఈ పాతవి ఉన్నాయి చూడు. అడ్డమొస్తున్నాయి. తీసేయనా?"

"ఏందీ?"

"పాతవి. తీసేయనా?"

"ఆ, తీసెయ్యప్పా. జాగ్రత్తగా తీసెయ్యి."

తీసేశాను. చెత్తబుట్టలో కూడా లేకుండా తుడిచేశాను. ఆ పైన మిగతాదంతా జారిపోయినట్టు దిగింది. కొత్త డిస్కుతో మిషను పిలిస్తే పలికినట్టు లేచింది. మగ్గం దగ్గర కూర్చున్న ఆయనతో, ఇంకో అయిదేళ్లు దీని మొహం చూడక్కర్లేదు అని చెప్పి, ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చుని దర్జాగా వచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. గొంతులో సంతోషం తెలుస్తోంది. "అప్పా, ఎంత బిన్నా లేస్తాండాదో. సల్లగుండు. ఆ తీసినవి యాడబెట్టినావు?"

"ఏం తీసినవి అక్కా?"

"పాతవి. తీసెయ్యమంటి గదా. జాగ్రత్తగా తీసినావు గదా?"

నేతవాళ్ల ఇంట్లో చీర పూర్తయితే మగ్గం మీంచి తీసేస్తారు. తీసేయడమంటే కోసి, మడత నలగకుండా చుట్టి, గుడ్డలో కట్టి, పెట్టెలో పెట్టడం. ఇంత పనీ వాళ్లకు ఆ ఒక్క మాటలో ఉంది. మా వృత్తిలో తీసేయడమంటే లేకుండా చేయడం. మాట ఒకటే. చెత్త పారేయమని చెప్పేవాళ్లెవరైనా జాగ్రత్తగా పారెయ్ అంటారా? ఆమె ఆ మాట అంది, అది నా చెవిలో పడింది. నేను ఆగలేదు.

పాతవి అంటే ఏమిటో కూడా ఆ రోజే తెలిసింది. కొత్తవి అంటే వ్యాపారులు ఫోనులో ఫొటో పంపి ఇలాంటిది గీసివ్వమంటే గీసిచ్చినవి. వాటి మీద ఆమెకు పెద్ద లెక్క లేదు. పాతవి అంటే ఆమె అత్త నేసినవి, ఆ అత్తకు అత్త నేసినవి. చినిగిపోయిన చీరల మీంచి, బొంతల్లో కుట్టేసిన ముక్కల మీంచి పోగు పోగూ ఎంచి గళ్లల్లోకి ఎక్కించినవి. పద్దెనిమిదేళ్ల పని. బొంతలు ఎప్పుడో చీకిపోయాయి.

వెంటనే బస్సెక్కి వెళ్లాను. పాత డిస్కు మళ్లీ తగిలించి, పోయినవాటిని వెతికే ప్రోగ్రాములు నా దగ్గరున్నవన్నీ నడిపాను. మూడు రోజులు వరుసగా వెళ్లాను. ఆమె పక్కన చాప మీద కూర్చుని తెర మీద నూటికి ఎన్ని అయ్యాయో చదువుతూ ఉండేది. పన్నెండు. పదమూడు. పదమూడు. రెండోరోజు ఒక బొమ్మ దొరికింది. తెరిస్తే సగం నెమలి, కింద అంతా బూడిదరంగు గళ్లు. ఆమె దాన్ని చాలాసేపు చూసి, "మా అత్త నెమలే" అంది. మూడోరోజు డిస్కు లోపల టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలైంది. నేను తీగలు మార్చాను, పక్కకు తిప్పి పెట్టాను, పైన తడిగుడ్డ వేశాను, తెలిసిన మూర్ఖపు పనులన్నీ చేశాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"సాల్లేప్పా. దాన్నింగ కష్టపెట్టొద్దు."

కర్నూలులో డిస్కులు బాగుచేసే ఒకతనికి కూడా చూపించాను. మూత తెరిచి, పెదవి విరిచి, మూత పెట్టేశాడు.

నన్ను ఆమె ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముందుగదిలో ఆమె మొగుడు మగ్గం ఆపి కూర్చున్నాడు. నేను ఏదో ఒకటి అనాలని, నా జన్మలో అన్న మాటలన్నిట్లోకీ పనికిమాలిన మాట అన్నాను. "అక్కా, ఇప్పుడింక కొత్త మిషన్ తీసుకోవచ్చు. ఏ ఇబ్బందీ లేదు."

ఆమె కోపంగా చూడలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"కొత్తది తెచ్చి దేనికి అతకాలప్పా?"

ఆ తర్వాత ఆమె ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టిందని విన్నాను. తన బొమ్మలతో ఎప్పుడో నేసిన చీరలు ఎవరి పెట్టెల్లో ఉన్నాయో గుర్తుచేసుకుని, పెళ్లిచీరలూ సారెచీరలూ అడిగి తెచ్చి, భూతద్దం పెట్టి పోగులు ఎంచి మళ్లీ గళ్లల్లోకి ఎక్కించుకుంటోందట. మళ్లీ మొదట్నుంచి. ఆ కళ్లతో. ఈ సంగతి నాకు చెప్పింది ఆమే, ఫోనులో, ఫ్యాను శబ్దం చేస్తోందని పిలిచినప్పుడు. ఈ వారం కుదరదక్కా అన్నాను. కుదిరేది. ఆ ఇంటి గడప తొక్కే మొహం లేక అబద్ధమాడాను. ఇంకోసారి పిలిచింది, ఇంకో అబద్ధం. పోయిన ఏడాది చివరిసారి చేసినప్పుడు ముందటి మాదిరిగానే గొంతు తగ్గించి అడిగింది.

"అప్పా, ఇది మళ్ల సతాయిస్తాండాది. బాగుసేద్దామా, మారుద్దామా?"

"నీ ఇష్టం అక్కా" అన్నాను.

ఇన్నేళ్లలో నేను గట్టిగా చెప్పని జవాబు అదొక్కటే. ఆమె "సరేప్పా" అని పెట్టేసింది.

ఇప్పుడు ఆ డబ్బా నా బల్ల మీద ఉంది. దారం తెంపకుండా పక్క మూత విప్పాను. లోపల దుమ్ము లేదు. ర్యామ్ పళ్లు తళతళమంటున్నాయి, అడుగున రబ్బరు పొట్టు రాలి ఉంది. ప్లగ్గు పెట్టి బటను నొక్కగానే లేచింది. తెర మీద రెండే ఫోల్డర్లున్నాయి. ఒకటి "కొత్తవి". రెండోదాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, అదే ఒంటివేలి రాత. "తీయొద్దు" అని ఉంది.

లోపల వరసగా బొమ్మలున్నాయి, కిందికి జరిపే కొద్దీ వస్తూనే ఉన్నాయి. ఒక్కోదానికి ఏ ఇంటి చీర మీంచి ఎంచిందో ఆ ఇంటి గుర్తు పేరుగా పెట్టుకుంది. పాలాయన కోడలు. మిద్దింటి పెద్దమ్మ. బడి పక్క. నేను ఒకదాని మీద నొక్కాను. తాళంచెవి పెట్టమంది. వెనక చూశాను. లేదు. ఆటోలో, గోతాల్లో, రేకుల కింద వెతికించాను. అక్కడా లేదు. మర్నాడు షాపు మూసి యెమ్మిగనూరు బస్సెక్కాను.

ఆయన మగ్గం దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి నాడె ఆపాడు. "కంప్యూటరప్పవి గదా. రా, కూసో" అన్నాడు. నాలుగు దినాల జ్వరమట, అయిదో దినం పోయిందట. చెప్పడానికి అంతకంటే ఏమీ లేదన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. వెనకగదిలో మిషను ఉన్న చోట నేల మీద పసుపు రాలిన చదరం అలాగే ఉంది.

"అన్నా, మిషను వెనక నల్లగా చిన్నది ఒకటి ఉంటుంది. వేలంత. తాళంచెవి. అది యాడుంది?"

"అదా. అది ఆమె మెళ్లో ఉండేది గదా. నువ్వు అట్ల సేసినాక దాన్ని మిషనుకు వదిలిపెట్టేదే లేదు. పని అయిపోతానే తీసి పిన్నీసుకు తగిలించుకుండేది. నీళ్లు పోసుకునేటప్పుడు గూడ గుడ్డ సుట్టి మెళ్లోనే పెట్టుకుండేది."

నువ్వు అట్ల సేసినాక అన్న మాటలో నింద లేదు. వానలు పోయినాక అన్నట్టు ఒక కాలం గుర్తుగా చెప్పాడు. నాకు అడగాలంటే భయం వేసింది. అయినా అడిగాను. "మరి ఇప్పుడు?"

"బంగారం గుండ్లు ఆడోళ్లు తీసినారు. ముత్తైదువగా పోయినాది గదా, తాడు తీసేకి నాకు మనసు రాలే. పిన్నీసులు, అదీ, అన్నీ అట్లనే పోనిచ్చినా. మట్టిలో పెట్టొస్తిమి."

ఆయన వెనకగది వైపు చూశాడు. ఆయనే మళ్లీ అన్నాడు. "దినాలు అయినంక ఒక పొద్దు పోయి దానికాడ కూసుంటి. ఆమె సేసినట్లే రెండు పక్కలా పట్టుకోని లెయ్ అన్న్యా. లేయలే. నాలుగు దినాలు అట్లనే అన్న్యా. లేయలే. ఇంగ దానికి గూడ తెలిసిపోయినట్లుందిలే అని ఇచ్చేసినా."

చేతులు ఆనించాక బటను నొక్కాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పాలనిపించింది. అది బాగానే ఉందని, నా బల్ల మీద లేచిందని ఏ మొహంతో చెప్పను? లేచి ఏం లాభం? నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఆ ఫోల్డరును మూడు డిస్కుల్లోకి దించి పెట్టాను. మూడు చోట్లా భద్రంగా ఉంది, మూడు చోట్లా తెరుచుకోదు. ఎక్కడో ఎవరికో తెరవడం తెలిసి ఉండవచ్చు. నాకు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను, వాళ్లలో ఎవరికీ తెలియదు. రోజూ షాపు తీయగానే దాన్ని ఒకసారి లేపి, ఆ పేరు అక్కడే ఉందని చూసి, ఆపేస్తున్నాను. అంతకుమించి నాకు చేతనైంది లేదు.

ఈ పొద్దున పాత సామాన్లవాడు ఆటో ఆపి గుమ్మంలోంచి అడిగాడు.

"అన్నా, ఆ పసుపు డబ్బా ఎత్తుకుపోదునా? లోపలివి తీసేస్తివా?"

"తీయలేదప్పా" అన్నాను.

"ఎప్పుడు తీస్తావు మరి?"

"జాగ్రత్తగా తీయాల."

పాత డొక్కుకు జాగ్రత్త ఏమిటికన్నా అని నవ్వి, అతను మిగతా రెండూ ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు.